ఊగే వంటింట్లో వంట

వంటిల్లే ఒక పక్కకి ఒరిగిపోతుంటే అన్నం వండేదెలా? 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఆరుగురు నౌకాదళ అధికారిణులు 'తారిణి' అనే 55 అడుగుల తెరచాప పడవలో ప్రపంచం చుట్టి వచ్చారు. వాళ్లలో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మన తెలుగువాళ్లే!

ఇలాంటి పడవల్లో స్టవ్‌ని రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడదీస్తారు. పడవ ఒరిగినా స్టవ్ ఉయ్యాలలా ఊగి మట్టంగా నిలుస్తుంది. గిన్నె జారకుండా చుట్టూ కడ్డీలు బిగిస్తారు. మిగతావి చాలావరకు చేత్తో చేసుకునేవే. గట్టు అంచున చెక్క పట్టీ కొడితే పళ్లాలు జారిపడవు. అరల్లో రబ్బరు చాప పరిచి, గాజు సీసాలకి పాత సాక్సు తొడిగితే పగలవు. గిన్నెలో సగానికి మించి నింపకపోతే ఒళ్లు కాలదు.

అన్నిటికన్నా ముఖ్యం గ్యాసు. అది గాలికన్నా బరువు కదా, లీకయితే పడవ అడుగున చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు! అందుకే సిలిండరుని విడి పెట్టెలో ఉంచి, ఆ పెట్టె అడుగు నుంచి బయటికి గొట్టం వేస్తారు. వంట కాగానే సిలిండరు దగ్గరే కట్టేస్తారు.

మన ఇంట్లోనూ గ్యాసు నేలబారునే పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకండి. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు బార్లా తీయండి. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టడం మరవకండి.