గృహమందును నమ్మకమైన సేవకుడు – చార్లెస్ వెస్లీ



ప్రతి క్రిస్మసుకు మన పల్లె మందిరములలో దూత పాట పాడుచున్నాము. తెల్లవారుజామున లాంతర్లు పట్టుకొని ఇంటింటికి తిరుగు చిన్నపిల్లలకు సయితము అది కంఠపాఠము. అయితే దానిని ఇంగ్లీషులో మొదట వ్రాసినది ఎవరని అడిగిన, చెప్పగలవారు కొద్దిమందే. 1739లో అచ్చయిన ఆ కీర్తనను వ్రాసినవారు చార్లెస్ వెస్లీ గారు. మొదటి పంక్తులను ఆయన స్నేహితుడు జార్జి విట్‌ఫీల్డు కొంత మార్చెను. నేడు మనము పాడు రాగము జర్మను సంగీతజ్ఞుడైన మెండెల్సన్‌ది. అది 1855లో ఈ కీర్తనకు జతచేయబడినది.

మెథడిస్టు ఉద్యమము అనగానే మనకు అన్నగారైన జాన్ వెస్లీ జ్ఞాపకము వచ్చును. తమ్ముడైన చార్లెస్ ఆరువేలకు పైగా కీర్తనలు వ్రాసిన కవిగానే మిగిలిపోయెను. ఈ నెల మేము ఆయనను మరియొక విధముగా జ్ఞాపకము చేసికొనగోరుచున్నాము. ఆయన సువార్త సేవకుడు, అదే సమయమున భర్త, తండ్రి. “సేవకు తిరిగితే ఇల్లు చెడును, ఇల్లు చూచుకొంటే సేవ చెడును” అని నేటికిని అనేకుల నోట వినుచున్నాము. ఈ చిక్కు ఆయన ఇంటిలోను ఉండెను.

బాల్యము, పిలుపు

చార్లెస్ 1707 డిసెంబరు 18న ఇంగ్లండు దేశములోని ఎప్‌వర్తు అను గ్రామమున పుట్టెను. తండ్రి శామ్యూలు ఆ ఊరి సంఘకాపరి. తల్లి సుసన్నకు పుట్టిన 19 మంది బిడ్డలలో ఈయన 18వ వాడు. కాపరి ఇల్లే గాని కలిగిన ఇల్లు కాదు. చార్లెస్ పుట్టుటకు రెండేండ్ల ముందు, 1705లో, తండ్రి అప్పులవలన చెరసాల పాలాయెను. 1709లో ఇల్లు అగ్నికి ఆహుతియైనప్పుడు పసివాడైన చార్లెస్‌ను దాది ఎత్తుకొని బయటపడెను. సుసన్నమ్మ తన బిడ్డలకు ఇంటనే చదువు చెప్పి, వారితో ఒక్కొక్కరిగా ఆత్మ సంగతులు మాటలాడుచుండెడిది.

1726లో చార్లెస్ ఆక్స్‌ఫర్డు చేరెను. 1729లో ఆయన చుట్టు కూడిన కొద్దిమంది విద్యార్థులు వాక్యము చదువుట, ఉపవసించుట, ఖైదీలను దర్శించుట ఒక క్రమముగా చేయుచుండగా తోటివారు ఎగతాళిగా వారికి ‘మెథడిస్టులు’ అని పేరు పెట్టిరి. 1735లో అభిషేకము పొంది, అన్నతోకూడ అమెరికాలోని జార్జియాకు వెళ్లెను. అక్కడి పని నిరాశగా ముగిసెను. 1736లోనే జబ్బుపడి తిరిగివచ్చెను.

1738 మే 21, పెంతెకొస్తు ఆదివారము. లండనులో బ్రే అను ఇత్తడి పనివాని ఇంట రోగియై పడియున్న చార్లెస్‌కు రక్షణ నిశ్చయత కలిగెను. మూడు దినములకు అన్నకును అదే అనుభవము కలిగెను. పండితుడు ఒక పనివాని ఇంటిలో ఈ మేలు పొందుట గమనింపదగినది. జూలై నెలలోనే ఆయన న్యూగేటు చెరసాలలో మరణశిక్ష పడినవారి నడుమ ఉండి, రాత్రి వారితోకూడ లోపల తాళము వేయించుకొని ప్రార్థించి, ఉరికంబము వరకు వారితో వెళ్లెను.

వివాహము

వేల్సు దేశములోని గార్తు అను చోట మార్మడ్యూక్ గ్విన్ అను న్యాయాధికారి ఉండెను. ఆయన కుమార్తె సారాను (ఇంటివారు శాలీ అని పిలుచువారు) చార్లెస్ 1747లో మొదట చూచెను. ఈయన ఊరూరు తిరుగు బోధకుడు. నిలకడైన ఇల్లు లేదు, జీతము లేదు. పెండ్లికూతురి తల్లి, ఏటా 100 పౌండ్లు నిశ్చయముగా వచ్చునట్లు ఏర్పాటు కావలెనని పట్టుపట్టెను. కొందరు దీనిని లోకసంబంధమైన ఆలోచన అనవచ్చును. కాని బిడ్డను ఇచ్చు తల్లి ఆ మాట అడుగుట తప్పు కాదు. అన్నదమ్ముల పుస్తకముల అమ్మకము మీద వచ్చు ఆదాయమునుండి ఆ సొమ్ము చెల్లునట్లు కట్టడి చేసికొనిరి.

1749 ఏప్రిల్ 8న జాన్ వెస్లీయే వారి వివాహము జరిపించెను. వరునికి 41 ఏండ్లు, వధువుకు 22. ఆ ఉదయము చార్లెస్ 4 గంటలకే లేచి, మూడు గంటలకు పైగా ప్రార్థనలోను పాటలలోను గడిపెను. తరువాత బ్రిస్టలు పట్టణమున చిన్న ఇంటిలో కాపురము పెట్టిరి. మొదటి ఏండ్లలో శాలీ భర్తతోకూడ గుఱ్ఱము మీద ప్రయాణములు చేసి సభలకు వెళ్లెను.

ఆయన లోపము లేనివాడని మేము చెప్పుట లేదు. అదే 1749లో అన్న గ్రేస్ మరే అను విధవరాలిని వివాహమాడగోరినప్పుడు, చార్లెస్ అడ్డుపడి, ఆమెను మరియొక బోధకునికిచ్చి త్వరపడి పెండ్లి జరిపించెను. అన్నదమ్ముల నడుమ అది మానని గాయమాయెను. రెండేండ్లకు జాన్ చేసికొన్న వివాహము సుఖపడలేదు. తన ఇంట సంతోషము పొందినవాడు అన్న ఇంటి సంతోషమునకు అడ్డమగుట విచారకరము.

కన్నీటి దినములు

1753 చివర శాలీకి మశూచికము తగిలెను. అప్పుడు టీకా లేదు. జెన్నరు దానిని కనుగొనుటకు ఇంకను 40 ఏండ్లకు పైగా పట్టెను. అదే కాలమున జాన్ వెస్లీ మరణాపాయములో ఉండెను. ఇటు భార్య, అటు అన్న, అన్న మోయలేని సంఘభారము. చార్లెస్ రెండు పట్టణముల నడుమ నలిగిపోయెను. హంటింగ్‌డను దొరసానిగారు శాలీ పడకయొద్ద కూర్చుండి పరిచర్య చేసిరి. శాలీ బ్రదికెను గాని ముఖము మచ్చలతో మారిపోయెను. భర్త ప్రేమ మాత్రము మారలేదు. ఏడాదిన్నర నిండని వారి మొదటి బిడ్డ జాన్ 1754 జనవరిలో ఆ వ్యాధితోనే చనిపోయెను. తండ్రి అప్పుడు లండనులో సేవలో ఉండెను.

మశూచికమును ‘అమ్మవారు’ అని భయపడిన దినములు మన పెద్దలు ఎరుగుదురు. బిడ్డ పోవు గడియలో దగ్గరలేని తండ్రి బాధ ఎట్టిదో మన ఊళ్లలో తెలియనిది కాదు. ఆ దంపతులకు పుట్టిన ఎనిమిదిమందిలో ఐదుగురు చిన్నతనముననే మరణించిరి. చార్లెస్, సారా, శామ్యూలు అను ముగ్గురే మిగిలిరి.

ఇంటియొద్ద నిలిచిన కాపరి

1756 తరువాత చార్లెస్ దూరప్రయాణములు మానుకొని, బ్రిస్టలు, లండను సంఘములను కాయుచు, కీర్తనలు వ్రాయుచు ఉండెను. ఆరోగ్యమును అంతంతమాత్రమే. అన్నకు ఇది నచ్చలేదు. ఇద్దరు కుమారులు సంగీతమున అద్భుత బాలురు. పెద్దవాడు మూడేండ్లు నిండకముందే వాద్యము వాయించెను. చిన్నవాడైన శామ్యూలు ఎనిమిదేండ్లకే ‘రూతు’ అను పెద్ద సంగీత కృతి కూర్చెను. 1779 మొదలు కొన్నేండ్లు లండనులోని తమ ఇంటనే కచేరీలు జరిపించిరి. మెథడిస్టులలో కొందరు ఇది లోకాచారమని విమర్శించిరి. దేవుడిచ్చిన వరమును చెడు స్నేహములలో గాక తన కన్నులయెదుట పెరుగనిచ్చుట మేలని ఆ తండ్రి తలంచెను.

ఇంత చేసినను, 1784లో పదునెనిమిదేండ్ల శామ్యూలు రోమను కతోలిక సంఘములో చేరెను. తండ్రికి అది లోతైన దుఃఖము. అదే సంవత్సరము జాన్ వెస్లీ అమెరికా పనికొరకు బిషప్పు లేకయే బోధకులను అభిషేకించెను. చార్లెస్ దానిని గట్టిగా ఎదిరించెను. ఇంట కుమారుడు, సేవలో అన్న, ఇద్దరును తన మాటకు వెలుపల నడిచిరి. అయినను ఇద్దరినీ ఆయన విడువలేదు.

1788 మార్చి 29న, 80వ ఏట, చార్లెస్ వెస్లీ ప్రభువునందు నిద్రించెను. కడపటి దినములలో కలము పట్టలేక తన చివరి కీర్తనను చెప్పుచుండగా శాలీ వ్రాసికొనెను. ఆంగ్లికను సంఘ గురువుగానే ఉండగోరి, మేరిల్‌బను దేవాలయపు భూమిలో పాతిపెట్టబడెను. కొన్ని దినములకు జాన్ వెస్లీ బోల్టనులో తమ్ముని కీర్తన ఒకటి చదివి వినిపించుచు, సహచరులు ముందుగా వెళ్లిపోయిన సంగతి వచ్చు చోట మాట పెగలక కూర్చుండి ఏడ్చెనని చెప్పుదురు. విధవరాలైన శాలీకి, బానిస వ్యాపారమును ఎదిరించిన విల్బర్‌ఫోర్సు గారును మరి ఇద్దరు స్నేహితులును ఏటా 60 పౌండ్లు ఇచ్చుచుండిరి. ఆమె 1822 వరకు, 96 ఏండ్లు జీవించెను.

మనకు బోధ

తన యింటివారిని బాగుగా ఏలనివాడు దేవుని సంఘమును ఎట్లు పాలించునని 1 తిమోతి 3వ అధ్యాయము అడుగుచున్నది. ఈ వాక్యమును కాపరిమీద విసరు రాయిగా వాడువారు గలరు. కాపరి కుమారుడు దారి తప్పిన, “ముందు నీ యిల్లు చక్కబెట్టుకో” అందురు. చార్లెస్ ఇంటియొద్దనే నిలిచెను, ప్రార్థించెను, నేర్పెను. అయినను కుమారుడు తన దారిన పోయెను. కాబట్టి పిల్లల నడత మన నమ్మకత్వమునకు జీతము కాదు. ఫలము వచ్చునని కాదు, వారు మనకు అప్పగింపబడినవారు గనుకనే మనము ఇంటియందు నిలువవలెను. శామ్యూలు కుమారుడైన శామ్యూలు సెబాస్టియను వెస్లీ దేవాలయ సంగీతమున గొప్పవాడై, ‘ఆరేలియా’ అను రాగమును 1864లో సంఘమునకు ఇచ్చెను. తాత దానిని చూడలేదు.

మెథడిస్టులు ఆంగ్లికను సంఘమునుండి విడిపోరాదని చార్లెస్ కోరెను. ఆయన దేశమున వారు విడిపోయిరి. మన దక్షిణదేశమున 1947 సెప్టెంబరు 27న వెస్లియను మెథడిస్టులును ఆంగ్లికనులును మరి కొందరితోకూడ దక్షిణ ఇండియా సంఘముగా ఏకమైరి. మెదకు, దోర్నకలు ప్రాంతముల విశ్వాసులారా, ఆయన కోరిక కొంత మీ మందిరములలో నెరవేరినది.

సంఘ పెద్దలారా, శాలీ తల్లి అడిగిన 100 పౌండ్ల మాట మరువకుడి. మీ కాపరి ఇంట బియ్యము ఉన్నవో లేవో, పిల్లల ఫీజు కట్టబడెనో లేదో, చనిపోయిన కాపరి భార్య ఎట్లు బ్రదుకుచున్నదో ఈ నెల కమిటీలో ఒకమారు విచారించుడి. సేవకులారా, సభలకు పోవునప్పుడు ఇంటివారితో ప్రార్థించి బయలుదేరుడి, తిరిగి వచ్చు దినము చెప్పుడి, చెప్పిన దినమున రండి. బిడ్డ దూరమైన తలిదండ్రులారా, భోజనపు బల్లయొద్ద వాని చోటు తీసివేయకుడి.

మన గృహములను, మన సంఘములను ప్రభువు ఏకముగా కాపాడునుగాక. ఆమేన్.