జరిమానా భయంతో గుడ్డ బాగుపడదు



ఆశ చూపితేనే కార్మికుడి మనసు పని మీద నిలుస్తుందని, కోత భయం ఉంటేనే చెయ్యి జాగ్రత్తగా కదులుతుందని యాజమాన్యాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. హాజరు బోనసు, గుడ్డలో తప్పుకు కోత రెండూ ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. ఇందులో నిజమెంత?

కొంత నిజం ఉంది. న్యూజిలాండ్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరికి తెర మీద అక్షరం గుర్తించే పని ఇచ్చి, మధ్యలో మనసును కలచే బొమ్మలు చూపారు. సరిగ్గా చేస్తే డబ్బు ఇస్తామన్నప్పుడు వారి దృష్టి బొమ్మల మీదికి తక్కువగా పోయింది. అయితే ఆ డబ్బు రాకపోతే వారి ఇంట్లో పొయ్యి ఆరిపోదు. మన సంగతి వేరు.

సోలాపూర్‌లో టవల్ నేసేవారికైనా, భివండీలో సాంచాలు నడిపేవారికైనా, కోయంబత్తూరు స్పిన్నింగ్ మిల్లులో పోగులు అతికేవారికైనా బోనసు అదనపు సొమ్ము కాదు. ఇంటి అద్దెకు, పిల్లల ఫీజుకు అది ముందే లెక్కలో పడిపోయింది. ఒక్కరోజు మానితే మొత్తం పోతుందంటే అది బహుమతి పేరు పెట్టుకున్న కోతే. వంద రూపాయలు దొరికిన సంతోషం కన్నా వంద పోయిన బాధే పెద్దదని కానెమన్, ట్వెర్‌స్కీ అనే శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పారు. జ్వరంతో ఉన్న బిడ్డను వదిలి షిఫ్టుకు వచ్చిన తల్లికి బిడ్డ దిగులు ఒకటి. కోత భయం ఆ దిగులును తీర్చదు, దాని మీద ఇంకొకటి చేరుస్తుంది.

మరి మనసు దేనితో నిలుస్తుంది? ఒడిశాలో ముక్కకు ఇంత చొప్పున ఆకు విస్తళ్లు కుట్టే కార్మికుల మీద జరిగిన పరిశోధన 2025లో అచ్చయింది. కూలి రేటు అందరికీ ఒకటే. కొందరికి మాత్రం చేసిన పని డబ్బు ముందుగా ఇచ్చారు. డబ్బు చేతికి అందాక వారి ఉత్పత్తి సుమారు 7 శాతం పెరిగింది, తప్పులు తగ్గాయి. రేటు పెంచలేదు, ఎవరినీ బెదిరించలేదు. అప్పుల దిగులు కొంత తగ్గింది, అంతే! విస్తరి కుట్టడంలో ధ్యాస తప్పితే ఒక ఆకు పోతుంది. కార్డింగ్ మిషను దగ్గర తప్పితే వేళ్లు పోతాయి.

బోనసు వద్దని మేము అనడం లేదు. దాన్ని మూల వేతనంలో కలపమంటున్నాం. వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా, వారం జీతం ఆ వారం ఆఖరి పనిదినాన ఇవ్వాలి. జరిమానా వేతనంలో 3 శాతం మించరాదు. నష్టం పేరుతో కోసినా ఆ నష్టం విలువను దాటరాదు. రెండింటికీ ముందుగా మన సంజాయిషీ వినాలి. జరిమానాల సొమ్ము రిజిస్టరులో రాసి, కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి.

నాణ్యత కావాలనే యాజమాన్యం ముందు తేదీకి జీతం ఇవ్వాలి. మనం ప్రతి ఖాతాలో నలుగురం కలిసి వెళ్లి జరిమానాల రిజిస్టరు చూపమని అడుగుదాం.