ట్రాక్టరుకు 5, పికప్‌కు 18: పాత బండి కొన్న రైతు వ్యాపారి అయిపోయాడా?

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు దిగింది. మంచిదే, కాదనం. కానీ అదే రైతు టమాటా క్రేట్లు వేసుకుని యార్డుకు పోయే పికప్‌కు బ్రేక్ షూ కొంటే 18 శాతం కట్టాలి. ఇదివరకు 28 ఉండేది, దించాం కదా అంటారు. దించారు సరే, ఈ తేడా ఎందుకు? దున్నితే వ్యవసాయమట, పండినదాన్ని మార్కెట్టుకు చేరిస్తే వ్యాపారమట. కోసిన టమాటా గట్టు మీదే మెత్తబడిపోతే అప్పుడు వ్యవసాయం పూర్తయినట్టా?

మదనపల్లె చుట్టుపక్కల టమాటా వేసేవాళ్ళకు ఈ బాధ చెప్పనక్కర్లేదు. ధర ఉన్న రోజు బాడుగ బండి వాడు క్రేటుకు ఇంత అని పెంచుతాడు. ధర లేని రోజు ఫోన్ ఎత్తడు. వేలానికి గంట ఆలస్యమైతే ఆ రోజు సరుకు ఎవడు అడుగుతాడో మనకు తెలుసు. అందుకే ముగ్గురు నలుగురు రైతులు కలిసి పాత పికప్ కొంటున్నారు. కొత్తది కొనాలంటే పది లక్షల దగ్గరికి పోతుంది. పంట రుణానికి 7 శాతం, గడువులో కడితే 4 శాతం వడ్డీ అని చెప్పే బ్యాంకు, పాత బండి అనగానే తల అడ్డంగా ఊపుతుంది. అప్పుడు ప్రైవేటు ఫైనాన్స్ గడప తొక్కాల్సిందే. అక్కడ వడ్డీ రెట్టింపు దాటుతుంది.

మేము నాలుగు కుటుంబాల వాళ్ళం కలిసి 2017 మోడల్ బీఎస్-4 పికప్ ఒకటి తీసుకున్నాం. రెండో వారానికే ఎత్తు మీద లాగడం మానేసింది. నల్లపొగ. పొద్దున్నే స్టార్ట్ కావాలంటే నాలుగైదు సార్లు తాళం తిప్పాలి. టౌన్‌లో ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే కంప్యూటర్ తగిలించి, నాలుగు ఇంజెక్టర్లూ పోయాయి, అన్నీ మార్చాలి అన్నారు. చేతిలో పెట్టిన అంచనా కాగితం 68 వేలు. బానెట్ లోపలికి చెయ్యి పెట్టి చూసిన మనిషి లేడు.

బండిని మా ఊరి షెడ్డుకు తెచ్చాం. మా మెకానిక్ తొమ్మిదో తరగతి దాకా చదివాడు. వాడు ముందు చూసింది టర్బో నుంచి గాలి పోయే రబ్బరు గొట్టం. వంపు దగ్గర అడుగుభాగాన చీలింది. ఇంజనుకు పోవలసిన గాలి బయటికి పోతుంటే డీజిల్ సరిగా మండక నల్లపొగ వస్తుంది, బండి లాగదు. తర్వాత డీజిల్ ఫిల్టర్ కింది బిరడా విప్పితే టీ గ్లాసులో సగం నీళ్ళు. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ వైరు తుప్పు పట్టి పొడి రాలుతోంది, అందుకే సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. గొట్టం, ఫిల్టర్, వైరు, కూలీ అన్నీ కలిపి నాలుగున్నర వేలు కాలేదు. నల్లపొగ పోయింది, లాగుడు వచ్చింది.

అయినా పొద్దున స్టార్టింగ్ పూర్తిగా కుదరలేదు. వాడు నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ దగ్గర సెలైన్ గొట్టాలు తగిలించి నాలుగు సీసాల్లోకి వదిలాడు. ఇంజన్ కాసేపు తిరిగాక చూస్తే మూడు సీసాల్లో సమానంగా ఉంది, మూడో ఇంజెక్టర్ సీసా మాత్రం నిండిపోయింది. అంటే చెడింది ఒకటి. నాలుగు కాదు.

అసలు కథ ఇక్కడే ఉంది. కొత్త ఇంజెక్టర్ బిగించడం మా వాడికి అరగంట పని. కానీ ఇంజెక్టర్ మీద ఒక కోడ్ అచ్చు వేసి ఉంటుంది. ఆ కోడ్‌ను ఇంజన్ కంప్యూటర్‌లో ఎక్కించాలి, లేకపోతే ఆ సిలిండర్‌కు డీజిల్ లెక్క తప్పుతుంది. ఎక్కించే స్కానర్ మా షెడ్డులో లేదు. సర్వీస్ సెంటర్‌కు పోతే, బయట కొన్న ఇంజెక్టర్ కాబట్టి మేము చెయ్యం అన్నారు. బండి మాది, ఇంజెక్టర్‌కు డబ్బు కట్టింది మేము, బిల్లు కూడా ఉంది. పదహారు అక్షరాలో ఎన్నో అంకెలో కొట్టడానికి వాళ్ళ అనుమతి కావాలి! చివరకు నలభై కిలోమీటర్ల అవతల ఇంకో మెకానిక్ దగ్గర స్కానర్ ఉంటే అక్కడ ఎక్కించుకున్నాం. ఆ రెండు రోజులూ మా సరుకు బాడుగ బండిలోనే పోయింది.

ఇది మా ఒక్కరి గొడవ అనుకోకండి. 2014 ఆగస్టులోనే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలను బయట మార్కెట్లో దొరకనివ్వడం లేదు, రిపేరు సమాచారాన్నీ పరికరాలనూ బయటి మెకానిక్‌లకు ఇవ్వడం లేదు అన్నదే ఆ తీర్పు. కంపెనీలు అప్పీళ్ళకు పోయాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసింది. అందులో వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి, వాహనాలూ ఉన్నాయి. అదే డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచారు. పోర్టల్‌తో మా ఇంజెక్టర్‌కు కోడ్ ఎక్కుతుందా? చట్టం కావాలి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కుకు చట్టమే చేసింది, 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. వందల ఎకరాలున్న అక్కడి రైతే తన ట్రాక్టరు తాను బాగు చేసుకోలేకపోతున్నానని పోరాడి సాధించుకున్నాడు. మూడెకరాల వాడు అడిగితే తప్పా?

ఇంకోవైపు బండి పాతదైతే చాలు, కర్ర పట్టుకుని నిలబడతారు. 2021 అక్టోబరు నోటిఫికేషన్‌లో 15 ఏళ్ళు దాటిన లారీ ఫిట్‌నెస్ ఫీజును 1,500 నుంచి 12,500 చేశారు. సరుకు బండి ఎనిమిదేళ్ళు దాటితే ఏటా ఫిట్‌నెస్‌కు పోవాలి, గడువు దాటితే రోజుకు 50 రూపాయలు. తుక్కుకు ఇచ్చేయండి, రోడ్డు పన్నులో రాయితీ ఇస్తాం అంటారు. సరుకు బండికి ఆ రాయితీ 15 శాతం దాకా. అది కూడా కొత్త బండి కొంటేనే! అంటే మన పాత బండి పోవాలి, మన నెత్తిన కొత్త అప్పు రావాలి, కంపెనీకి కొత్త అమ్మకం కావాలి.

పొగ వదిలే బండిని వదిలేయమని మనం అడగడం లేదు. బ్రేకు చూడండి, పొగ చూడండి, తప్పుంటే ఆపండి. కానీ పొగ ఆగాలంటే రిపేరు జరగాలి కదా. రిపేరుకు తాళం వేసి, పొగ వస్తోందని జరిమానా రాయడం ఏ న్యాయం?

మనవాళ్ళకూ ఒక మాట. బండి కొన్న వారంలోనే కమాన్ కట్టల్లో రెండు పట్టీలు అదనంగా వేయించి 'అప్‌గ్రేడ్ చేశాం' అంటున్నారు. కట్టలు మోస్తాయేమో, బ్రేకు అదే, యాక్సిల్ అదే, టైరు అదే. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కు చట్టంలో ఉన్న జరిమానా 20 వేలు, పైన టన్నుకు 2 వేలు. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చితే ఇన్సూరెన్స్ వాడికి క్లెయిమ్ ఎగ్గొట్టడానికి సాకు దొరుకుతుంది. లోయలో పడితే లెక్క వేరు, అది చెప్పను. సౌండ్ బాక్సులకు పెట్టే డబ్బు ముందు బ్రేక్ షూలకు, బ్రేక్ ఆయిల్‌కు, వెనుక టైర్లకు, రేడియేటర్ గొట్టాలకు, ఫ్యాన్ బెల్టుకు పెట్టండి. క్రేట్లు జరగకుండా పక్కలకు కమ్మీలు, ఎండ తగలకుండా టార్పాలిన్ ఫ్రేము, చాలు. డబ్బు ఇచ్చే ముందు ఫారం 29, 30 మీద అమ్మేవాడి సంతకం, ఫైనాన్స్ ఉంటే ఫారం 35, ఎన్‌వోసీ తీసుకోండి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో మీ కళ్ళతో పోల్చి చూసుకోండి, ఫోటో నమ్మకండి.

రైతు పేరు మీద ఉండి పంట మోసే పికప్ విడిభాగాలకు ట్రాక్టరు విడిభాగాల పన్నే వెయ్యాలి. పాత బండి కొనడానికి కిసాన్ క్రెడిట్ కార్డు మీదే అప్పు ఇవ్వాలి. ఇంజన్ కోడ్ ఎక్కించే పరికరం, సమాచారం లైసెన్సు ఉన్న ఏ మెకానిక్‌కైనా కంపెనీ అమ్మేలా చట్టం రావాలి. అంతవరకు ప్రతి మార్కెట్ యార్డులో ఒక స్కానర్ పెట్టమని అడుగుదాం. మన దగ్గర వసూలు చేసే సెస్సుతో ఆ మాత్రం కొనలేరా?

ఈ నెల మండల కమిటీలు కూర్చున్నప్పుడు పాత బండ్లు ఉన్న రైతులను పిలవండి. సర్వీస్ సెంటర్ ఇచ్చిన అంచనా కాగితం, తర్వాత షెడ్డులో అయిన బిల్లు, రెండూ జిరాక్స్ తీసి సంఘం ఆఫీసుకు పంపండి. బండి నంబరు, ఏ సంవత్సరం మోడలో, ఎన్ని రోజులు ఆగిపోయిందో పక్కన రాయండి. మా బండి కాగితాలు ఇప్పటికే ఇచ్చాం.