కడియం పక్కనే ఉంది, మన అంగన్‌వాడీలో చెట్టేదీ?

రాజమహేంద్రవరం అమ్మలూ, నాన్నలూ, తాతయ్యలూ, అమ్మమ్మలూ, నాయనమ్మలూ!

కడియం, కడియపులంక నర్సరీల నుంచి మొక్కల లారీలు ఊరూరికీ బయల్దేరుతున్నాయి. మన ఒండ్రు మీద పెరిగిన మొక్కలు హైదరాబాదు విల్లాలకూ, పక్క రాష్ట్రాల అపార్టుమెంట్లకూ నీడనిస్తున్నాయి. ఆ నర్సరీలు మనకు ఆటోలో వెళ్లొచ్చేంత దూరం. అయినా మన వీధిలో మూడేళ్ల పాప చెట్టును గోడ మీది చార్టులో చూస్తోంది. అద్దె గది, ఒక ఫ్యాను, చుట్టూ సిమెంటు.

ఇందులో టీచరమ్మ తప్పేమీ లేదండీ. ఆవిడ పిల్లల బరువు తూచాలి, గుడ్లూ పాలూ పంచాలి, ఫోనులో వివరాలు ఎక్కించాలి, మధ్యలో పాటా పాఠమూ చెప్పాలి. ఆరుబయట తరగతి కట్టివ్వాల్సింది మనం.

ఆరుబయట తరగతి అంటే రంగుల ప్లాస్టిక్ జారుడుబల్ల కాదు. (మే నెల మధ్యాహ్నం దాని మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి, పిల్లల్ని ఎక్కించాలనిపించదు.) నీడ, ఇసుక, బంకమట్టి, కాసిని నీళ్లు, ఎక్కడానికి ఒక మొద్దు, దాక్కోవడానికి ఒక పొద. మూడు సెంట్లుంటే దర్జాగా సరిపోతుంది. సెంటున్నర ఉన్నా మానుకోవద్దు.

ఇది కొత్త వింత కూడా కాదు. శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ టాగూరు 1901లో బడి పెట్టి చెట్ల కిందే పాఠాలు చెప్పించారు. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి 1920లో పసిపిల్లల కోసమే బాలమందిరం తెరిచి, ఆటే చదువని చూపించారు. మన ధవళేశ్వరంలో 1874లోనే వీరేశలింగం పంతులుగారు ఆడపిల్లలకు బడి పెట్టారు. బడి ఎలా ఉండాలో ముందుగా ఆలోచించిన గడ్డ ఇది. గోదావరి ఒడ్డున పిచ్చుకగూళ్లు కట్టి పెరిగిన మనం, మన పిల్లలకు గంపెడు ఇసుక ఇవ్వలేమా?

ముందు నీడ సంగతి చూద్దాం. అసలు పనంతా అక్కడే ఉంది. రోహిణి కార్తెలో ఒకరోజు ఉదయం పదింటికీ, మళ్లీ మధ్యాహ్నం మూడింటికీ ఆ జాగాలో నిలబడండి. నీడ ఎక్కడ పడుతుందో ముగ్గుపిండితో గీయండి. రెండు గీతలూ కలిసిన చోటే పిల్లలు కూర్చునే చోటు. మధ్యాహ్నం ఎండ పడమటి నుంచి కొడుతుంది కాబట్టి కానుగ, వేప, నేరేడు ఆ దిక్కున నాటాలి. కొబ్బరిచెట్టు కింద మాత్రం తరగతి వద్దు. ఎందుకో గోదావరి జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మొక్కలు చెట్లయ్యేదాకా తాటాకు పందిరి వేద్దాం, వంట పొయ్యికి దూరంగా. అక్టోబరులో తుపాను కబురు రాగానే దాన్ని విప్పేయాలి.

నీడ తర్వాత నీరు. ఒక పెద్ద వాన పడ్డాక వెళ్లి, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. ఇసుక గుంట అక్కడ తవ్వకండి. మెరక మీద, నీడలో, అడుగున్నర లోతు తవ్వి, అడుగున ఇటుక ముక్కలు పరిచి, పైన ఇసుక పోస్తే వాన నీరు ఇంకిపోతుంది. అంచుకు తాటిమొద్దులు. సాయంత్రం టార్పాలిన్ కప్పకపోతే తెల్లారేసరికి వీధి కుక్కలూ పిల్లులూ దాన్ని సొంతం చేసుకుంటాయి. ఉచిత ఇసుక అని ప్రభుత్వం 2024లోనే చెప్పింది, ఎత్తుడు కూలీ, బండి కిరాయీ మనం వేసుకుందాం.

నీళ్లాటకు తొట్టెలు కట్టొద్దు. పసివాళ్లకు జానెడు లోతు నీరు కూడా ప్రమాదమే. రెండు చిన్న గిన్నెలు, నాలుగు చెంబులు, పక్కన పెద్దవాళ్లు ఒకరు. సాయంత్రానికి ఆ నీళ్లు మొక్కలకు పోసేస్తే దోమలు పెరగవు.

ఇక విషపు మొక్కల సంగతి: గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద, ఆముదం ఆ దరిదాపుల్లో ఉండకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పాముల భయం ఉన్నవాళ్లు చెప్పేది నిజమే, అందుకే పొదలు మోకాలెత్తు దాటనివ్వకూడదు, ఇటుకలూ కర్రలూ కుప్పగా ఉంచకూడదు, రోజూ పొద్దున్నే మొద్దుల కింద ఒకసారి చూడాలి.

"మట్టిలో ఆడితే జబ్బులు రావా?" అని అడుగుతారు. ఫిన్లాండులో కొన్ని శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణల్లో అడవి మట్టి, పచ్చిక పరిచి పిల్లల్ని 28 రోజులు ఆడించారు. వాళ్ల చర్మం మీద మేలు చేసే సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రోగనిరోధక వ్యవస్థలోనూ మంచి మార్పులు కనిపించాయని 2020లో ప్రకటించారు. చిన్న పరిశోధనే, కానీ కొట్టిపారేయదగ్గది కాదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ మరో 40 నిమిషాల ఆరుబయట తరగతి పెడితే, మూడేళ్లలో వాళ్లలో హ్రస్వదృష్టి వచ్చినవారు సుమారు 30 శాతం, మిగతా బడుల్లో దాదాపు 40 శాతం. ఫోను చూసి చూసి కళ్లజోడు తెచ్చుకుంటున్న పిల్లలున్న ఇళ్లలో ఈ లెక్క ఒకసారి చదివి వినిపించండి. ఆడాక సబ్బుతో చేతులు కడిగించడం మాత్రం మన పని.

అద్దె గదిలో నడిచే కేంద్రమైతే దగ్గర్లోని మున్సిపల్ స్కూలు ఆవరణ, పార్కులో ఒక మూల, గుడి, మసీదు, చర్చి పెద్దలు ఇచ్చే ఖాళీ జాగా అడుగుదాం. అంగన్‌వాడీ సూపర్‌వైజరుకూ, శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికీ (సీడీపీఓ) కాగితం మీద రాసిద్దాం. నగరపాలక సంస్థ స్థలమైతే కమిషనరు గారికి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీ. 2027 పుష్కరాల కోసం నగరాన్ని ముస్తాబు చేస్తారు కదా, డివైడర్ల మీద నాటే మొక్కల్లో కొన్ని మన పిల్లల నెత్తిన నీడయ్యేలా ఇప్పుడే అడగాలి. పనులు ముగిశాక అడిగితే బిల్లులైపోయాయంటారు.

కడియం నర్సరీ రైతులకు ఒక మనవి: కేంద్రానికి ఐదు నీడ మొక్కలు, ఏపుగా ఎదిగినవి ఇప్పించండి. కర్ర పాతి కట్టే పనీ, రెండు వేసవులు నీళ్లు పోసే పనీ మావి. ఎవరి ఇంటి వంతు ఏ రోజో కేంద్రం తలుపు మీద రాసి అంటిస్తాం.

మృగశిర కార్తెలో తొలకరి పడగానే నాటాలి. గుంటలు అంతకుముందే తవ్వి ఉండాలి. వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు, ఎండ ముదరకముందే, మీ వీధి అంగన్‌వాడీ దగ్గరకు రండి. గునపం, పార, కొలత టేపు, ముగ్గుపిండి ఎవరికి వీలైంది వాళ్లు తేవాలి. పిల్లల్ని కూడా తీసుకురండి, మొద్దు ఎంత ఎత్తుండాలో వాళ్లను నిలబెట్టే కొలవాలి.

ఇట్లు
మీ వీధి తల్లిదండ్రులు