చెరపట్టినవానిదేనా పాపమంతయు?

ఇటీవల యుద్ధవార్తలను గూర్చి మాటాడువారి నోట నొక వాక్యము తారకమంత్రమువలె వినవచ్చుచున్నది: బందీ మరణించినచో ఆ పాపమంతయు బందీని పట్టినవానిదే, బాంబు వేసినవానిది కాదు, తుపాకి పేల్చినవానిది కాదు, దాడికి ఆజ్ఞ యిచ్చినవానిది అంతకంటెను కాదు. మొన్న నొక టెలివిజన్ చర్చలో, పదవీవిరమణానంతరము ప్రతిరాత్రియు ఏదో యొక యుద్ధమును స్టూడియోనుండి గెలుచుచున్న మాజీ సైనికాధికారి యొకడు, గాజాలో మరణించిన బందీల ప్రసక్తి రాగానే, ఆ ప్రశ్న అడుగుటయే శత్రువునకు సాయమని బల్ల గ్రుద్ది పలికెను. చుట్టునున్న నలుగురును తలలూపిరి. ఆ తలయూపులే నాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నవి.

వితండవాదులు నా మాటను వక్రించుటకు ముందే యొక విషయము స్పష్టముగా చెప్పివైచెదను. నిరాయుధుని, శిశువును, వృద్ధుని చెరపట్టి, వారి ప్రాణములను పణముగా నొడ్డి బేరమాడువాడు ఏ ధ్యేయమును చెప్పుకొన్నను నరాధముడే. 1949 నాటి జెనీవా ఒడంబడికలు బందీలను పట్టుటను నిషేధించినవి. 1979లో ఐక్యరాజ్యసమితి అందులకై ప్రత్యేకముగా నొక ఒడంబడికనే చేసినది. ఆ నరాధముని పాపములో వీసమెత్తు తగ్గింపుడని నేను కోరుట లేదు. నేను త్రోసిపుచ్చునది, ఒకని పాపము పూర్ణముగా నున్నది గనుక రెండవవాని బాధ్యత శూన్యమని తేల్చు వింత గణితము. పాపము పిత్రార్జితమైన పొలము కాదు, అన్నకు ఎక్కువ గుంటలు పోయినచో తమ్మునికి తక్కువ మిగులుటకు. చెరపట్టినవాడు తాను చేసినదానికి సంపూర్ణముగా బాధ్యుడు; విడిపింపబోయినవాడు తాను ఎంచుకొన్న ఉపాయమునకు, తాను వాడిన ఆయుధమునకు, తాను చేయక విడిచిన యేర్పాటునకు సంపూర్ణముగా బాధ్యుడు. ఒకటి రెండవదానిని మాపదు.

ఇది పాశ్చాత్య న్యాయవాదుల వద్ద నేర్చుకొనవలసిన సూక్ష్మము కాదు. వాల్మీకి రామాయణములో సుందరకాండము చదివినవారికి, కనీసము పురాణకాలక్షేపములో విన్నవారికి, తెలిసినదే. సీతను ఎత్తుకొనివచ్చి అశోకవనములో నిర్బంధించినది రావణుడు. తోకకు నిప్పు పెట్టినది రాక్షసులు. అపరాధమంతయు వారిదే యని చేతులు దులుపుకొనుటకు హనుమంతునకున్నంత అవకాశము లోకములో ఏ సేనాపతికిని కలుగదు. అయినను లంకను కాల్చిన పిమ్మట ఆయనను పట్టి కుదిపిన యాలోచన, ఈ మంటలో సీత యేమైనదో యని. కోపమునకు లోబడి ముందువెనుకలు చూడక వచ్చిన కార్యమునే చెరచితినని తన్ను తాను నిందించుకొనెను. ప్రాణత్యాగమునకు సైతము సిద్ధపడెను. సీత క్షేమముగా నున్నదని చారణుల మాటలవలన విన్న తరువాతను తృప్తిపడక, మరల పోయి కన్నులార చూచిన పిమ్మటనే సముద్రము దాటెను. రావణుడు దోషి యని ఆయన యెరుగడా? ఎరుగును. ఆ దోషము తన చేతి నిప్పునకు సమాధానము కాదని గూడ ఎరుగును. లంకాదహనము మన స్టూడియో వీరులకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. దహనానంతరమైన ఆ పశ్చాత్తాపము మాత్రము వారి పారాయణములో లేదు.

ఇక పురాణమును విడిచి మన కాలపు చరిత్రకు వచ్చెదము. 2002 అక్టోబరు 23 రాత్రి మాస్కోలోని దుబ్రోవ్కా నాటకశాలను, చెచెన్యానుండి రష్యా సేనలు తొలగిపోవలెనను కోరికతో, ఇంచుమించు నలువదిమంది సాయుధులు ఆక్రమించిరి. ప్రేక్షకులు, నటులు కలసి సుమారు తొమ్మిదివందల మంది చిక్కిరి. 26వ తేది తెల్లవారుజామున ప్రభుత్వ దళములు గాలిగొట్టములగుండ మత్తు గ్యాసును లోనికి వదలి, తరువాత ప్రవేశించినవి. చెరపట్టినవారందరును హతులైరి. బందీలలో సుమారు 130 మంది మరణించిరి. వారిలో సాయుధుల గుండ్లకు కూలినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంత మంది. తక్కినవారు గ్యాసుతో పోయినవారే.

ఈ మరణములలో చెరపట్టినవాని పాత్ర లేదా? ఉన్నది; వాడే లేనిచో ఆ జనము నాటకము చూచి యిండ్లకు పోయియుండెడివారు. కాని స్పృహ తప్పినవారిని ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెనను ప్రథమచికిత్సలోని మొదటి పాఠమును మరచి, అక్టోబరు చలిలో రోడ్డుపై వెల్లకిల వరుసగా పడవేసినది ఎవరు? నాలుక గొంతున కడ్డుపడి ఊపిరాడక మనుష్యులు ప్రాణములు విడుచుచుండగా, ఆ గ్యాసు ఏదియో వైద్యులకు సైతము చెప్పక దాచినది ఎవరు? అంబులెన్సులు చాలక, మృతులెవరో జీవించియున్నవారెవరో తెలియకుండ సిటీబస్సులలో కుక్కి పంపినది ఎవరు? నాలుగు దినముల తరువాత నాటి ఆరోగ్యమంత్రి యూరీ షెవ్‌చెంకో, అది ఫెంటనిల్ జాతికి చెందిన మత్తుమందని మాత్రము ఒప్పుకొని, దానియంతట అది ప్రాణాంతకము కాదని సెలవిచ్చెను. ఆకలిచేతను, దాహముచేతను, కదలక కూర్చుండుటచేతను నీరసించిన శరీరములు తాళలేకపోయినవట! అనగా చచ్చినవాడు చచ్చుటకు కారణము, తుదకు వాని బలహీనతయే యైనది. బాధ్యతను త్రోసివేయుటలో ఇంతకంటె దిగజారుట సాధ్యము కాదనుకొందును.

2011 డిసెంబరులో యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానము ఈ వ్యవహారమున ఇచ్చిన తీర్పును మన వాదులు ఒకసారి చదువవలెను. గ్యాసు ప్రయోగమే తప్పని ఆ న్యాయస్థానము చెప్పలేదు; పరిస్థితి యెంత విషమమో అది గుర్తించినది. కాని రక్షణకార్యమును నడిపిన తీరులోని లోపమువలనను, వైద్యసహాయము సిద్ధము చేయకపోవుటవలనను, పిమ్మట సరియగు విచారణ జరుపకపోవుటవలనను జీవించు హక్కునకు భంగము కలిగినదని తీర్చినది. ఇందువలన సాయుధుల దోషము తగ్గినదా? పిసరంతయు తగ్గలేదు.

రెండేండ్లకు రష్యాలోనే బెస్లాను ఘటన వచ్చినది. 2004 సెప్టెంబరు 1న ఆ యూరి ఒకటవ నంబరు పాఠశాలలో, విద్యాసంవత్సరపు తొలిదినోత్సవమునకు వచ్చిన పిల్లలు, తల్లులు, ఉపాధ్యాయులు పదునొకండువందలకు పైగా చెరబడిరి. ప్రభుత్వము లోకమునకు చెప్పిన సంఖ్య 354. నా వాదమునకు కొంత దూరమైనను ఈ సంఖ్యను దాటి పోజాలకున్నాను. ఏడువందలకు మించిన మనుష్యులను ఒక్క ప్రకటనతో లెక్కనుండి చెరపివైచిరి. ఊరిలో ప్రతి తల్లికిని తన బిడ్డ ఎక్కడ నున్నదో తెలిసియుండగా, సర్వజ్ఞమని తన్ను తాను చెప్పుకొను ప్రభుత్వమునకు తెలియదట! ఆ తప్పుడు లెక్కను విని సాయుధులు మరింత క్రూరులైరని బ్రతికి బయటపడినవారు చెప్పిరి. మూడవనాడు వ్యాయామశాలలో ప్రేలుళ్లు కలిగి, దాడి జరిగి, 330 మందికి పైగా చనిపోయిరి. వారిలో 186 మంది పిల్లలు. 2017 ఏప్రిలులో అదే న్యాయస్థానము, బందీలతో నిండిన భవనముపై ట్యాంకు ఫిరంగులను, గ్రెనేడు లాంచర్లను, అగ్నిని చిమ్ము థర్మోబారిక్ ఆయుధములను ప్రయోగించుటను తప్పుపట్టినది. సాయుధులు దాడి చేయనున్నారను సమాచారము ముందే యున్నను తగిన చర్య తీసికొనలేదనియు చెప్పినది. పిల్లలున్న బడిపై ట్యాంకు పేల్చినవానికి బాధ్యత లేదని వాదించుటకు మనిషి ఎంత చదువుకొనవలెనో నాకు బోధపడకున్నది.

ఈ వ్యవహారములన్నింట నాకు అన్నిటికంటె రోత పుట్టించునది మొదటి ప్రకటన. శవములు చల్లబడకముందే, శవపరీక్ష జరుగకముందే, బందీలను దుండగులే చంపిరను వార్త సిద్ధమై బయలుదేరును; నిజము కొన్నాళ్లకు కుంటుచు వచ్చునప్పటికి వినువాడుండడు. 1971 సెప్టెంబరులో న్యూయార్కు రాష్ట్రమందలి అట్టికా కారాగారమును, తిరుగబడి కొందరిని బందీలుగా పట్టిన ఖైదీలనుండి తిరిగి పట్టుకొన్నప్పుడు, అది యుద్ధము కాకున్నను, ఇదే జరిగినది. ఖైదీలు బందీల గొంతులు కోసిరని అధికారులు చెప్పిరి, పత్రికలు ప్రచురించినవి; మరునాడు శవపరీక్ష చేసిన వైద్యుడు, గొంతు కోయబడి చచ్చినవాడు ఒక్కడును లేడనియు, అందరును తుపాకి గుండ్లచేతనే పోయిరనియు తేల్చెను. ఆ దాడిలో తుపాకులున్నది ప్రభుత్వమువారి చేతులలోనే. 2010 అక్టోబరులో ఆఫ్ఘనిస్తానమందలి కునార్ రాష్ట్రములో చెరలోనున్న బ్రిటిషు సహాయ కార్యకర్త్రి నొకతెను విడిపింప అమెరికా దళములు పోగా ఆమె మరణించినది. చెరపట్టినవాడు తన దేహమునకు కట్టుకొన్న ప్రేలుడు పదార్థమును పేల్చుటచేత ఆమె పోయినదని మొదటి ప్రకటన. కొలది దినములలోనే, అమెరికా సైనికుడు విసరిన గ్రెనేడువలన పోయియుండవచ్చునని ప్రధాని కామెరన్ స్వయముగా చెప్పవలసివచ్చినది. విచారణ దానినే ధ్రువపరచినది. ఈ పొరపాట్లన్నియు ఎల్లప్పుడును ఒకే దిక్కునకు మొగ్గుటలోని రహస్యమేమి? సైన్యమే చంపినదని తొందరపడి ప్రకటించి, తరువాత దుండగులని దిద్దుకొన్న ప్రభుత్వమును ఎవరైనను చూపగలరా?

ఇక గాజా. 2023 అక్టోబరు 7న హమాసు మనుష్యులు సుమారు 250 మందిని ఈడ్చుకొనిపోయిరి. డిసెంబరు 15న గాజా నగరములోని షుజాయియాలో ముగ్గురు బందీలు, చొక్కాలు విప్పి, కర్రకు తెల్లగుడ్డ కట్టి ఎదురు రాగా, వారిని అచ్చట పోరుచున్న ఇజ్రాయేలు సైనికులే కాల్చి చంపిరి. నాటి సైన్యాధిపతి హెర్జీ హలెవీ, జరిగినదానికి సైన్యమును, దాని నాయకుడనగు నేనును బాధ్యులమని అంగీకరించెను. మరి ముగ్గురు బందీలు 2023 నవంబరులో ఒక హమాసు సేనానాయకునిపై జరిపిన వైమానిక దాడివలననే బహుశః మరణించియుందురని 2024 సెప్టెంబరులో సైన్యపు విచారణయే తేల్చినది. 2024 ఆగస్టు తుదలో రఫాలోని సొరంగమున ఆరుగురిని చెరపట్టినవారు కాల్చి చంపిరి. ఆ హత్య నిస్సంశయముగా వారిదే. అయినను ఆ ప్రాంతమున సాగిన సైనికచర్య ఆ హంతకుల నిర్ణయముపై ప్రభావము చూపినదని ఆ సైన్యమే వ్రాసికొన్నది. యుద్ధము చేయుచున్న సైన్యము తన నోట ఒప్పుకొన్న మాటను, వేలమైళ్ల దూరమున చల్లని గదిలో కూర్చుండినవాడు కాదనుట భక్తియా, మౌఢ్యమా? ఈ మంత్రముతోనే, సొరంగముల మీది యిండ్లలో బ్రతుకు పాలస్తీనా సంసారుల మరణములను గూడ ఒక్క ఊపున తుడిచివేయుచున్నారు. ఆ కథ ఇంతకంటె పెద్దది, వేరుగ చెప్పవలసినది.

ప్రతిపక్షులకు మిగిలిన వాదములు రెండు. బాధ్యత ఒప్పుకొన్నచో శత్రువునకు బలము చేకూరునందురు. 2015 జనవరిలో అమెరికా డ్రోను దాడిలో అల్ ఖైదా చెరలోనున్న అమెరికనొకడు, ఇటాలియనొకడు మరణింపగా, ఏప్రిలు 23న అధ్యక్షుడు ఒబామా సంపూర్ణ బాధ్యత తనదేనని చెప్పెను. దానితో అల్ ఖైదా యే కోటను గెలిచినది? రెండవదిగా, క్షణములో నిర్ణయింపవలసిన సైనికుని తప్పుపట్టరాదందురు. సరే, ఆ సైనికుని విడిచిపెట్టుడు. దుబ్రోవ్కాలో రెండు దినములకు పైగా వ్యవధి యుండియు వైద్యసహాయమును సిద్ధము చేయని అధికారి మాట యేమి? జెనీవా ఒడంబడికలకు 1977లో చేర్చిన మొదటి అనుబంధము 51వ అధికరణమున, శత్రువు పౌరులను కవచముగా వాడుకొన్నను, ఎదుటిపక్షమునకు ఆ పౌరులయెడగల ధర్మము తొలగదని స్పష్టముగా నున్నది. మనవారికి అధికరణములు గిట్టవు, బల్లలు గ్రుద్దుట గిట్టును.

ఇదంతయు పరాయివారి గొడవ యనుకొనువారికి ఒక్క మాట. 2015 జులైలో లిబియాలోని సిర్తె విశ్వవిద్యాలయమున పనిచేయుచున్న తెలుగువారైన ఇద్దరు అధ్యాపకులు చెరబడిరి. వారు విడుదలైనది 2016 సెప్టెంబరులో. అప్పటికి నెలకు పైగా, ఇస్లామిక్ స్టేట్ వశములోనున్న ఆ పట్టణముపై అమెరికా విమానములు బాంబులు వేయుచుండెను. నేలమీద లిబియా దళములు వీథి వీథిన పోరుచుండెను. అదృష్టవశమున వారు ఇల్లు చేరిరి. ఆ బాంబులలో ఒకటి వారున్న చోట పడియున్నచో, వారి కుటుంబముల యెదుట నిలిచి, బాంబు వేసినవానికి ఈ మరణములతో నిమిత్తము లేదని చెప్పుటకు మన తలయూపువారిలో ఎవరికి నోరు వచ్చియుండెడిది?

మరి ఏమి చేయవలెనందురా? దాడి చేసిన సైన్యమే దాడిపై విచారణ జరుపుకొనుట చాలింపవలెను; శవపరీక్ష ముగియువరకు హంతకుని పేరు ప్రకటింపరాదు; బందీల కుటుంబములకు విచారణలో స్థానముండవలెను. ఈ మాత్రము నిర్మాణమును యుద్ధకాలమున ఎట్లు నిలుపవలెనో నాకంటె తెలిసినవారు ఆలోచింతురు గాక. సూత్రము మాత్రము నాకు నిస్సందేహము. దుండగుడు ధర్మమును విడిచినాడనియే అతనిని దుండగుడనుచున్నాము. ప్రభుత్వము ధర్మమును వహించినదనియే దానికి ఆయుధములిచ్చి, పన్నులు కట్టి, జెండాకు నమస్కరించుచున్నాము. దుండగునితో పోల్చి తన్ను కొలుచుకొను ప్రభుత్వము ఎల్లప్పుడును ఉత్తీర్ణమే యగును. అట్టి పరీక్షను నేను పరీక్షగా నంగీకరింపను.