95 ఏళ్ల లీజు ఎవరిని అడిగి ఇచ్చినట్లు?

మహారాష్ట్రలోని నాందేడ్, లాతూర్, బారామతి, ఉస్మానాబాద్, యావత్మాల్ పట్టణాల విమానాశ్రయాలను ఆ రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ 2009లో అనిల్ అంబానీ రిలయన్స్ వర్గానికి చెందిన కంపెనీకి 95 సంవత్సరాల లీజుకు అప్పగించింది. ఐదింటికీ కలిపి కుదిరిన మొత్తం 63 కోట్ల రూపాయలు. ఒక్కో విమానాశ్రయానికి 12 కోట్ల 60 లక్షలు. దానిని 95తో భాగిస్తే ఏడాదికి 13 లక్షల చిల్లర, నెలకు లక్షా పది వేలు. జిల్లా కేంద్రంలో ఒక మోస్తరు వ్యాపార భవనానికి వచ్చే అద్దెతో పోల్చదగిన ఈ మొత్తానికి వందలాది ఎకరాల ప్రభుత్వ భూమి, దానిపై ప్రజాధనంతో నిర్మించిన రన్‌వే, 2104వ సంవత్సరం దాకా చేతులు మారాయి.

పద్నాలుగేళ్లు గడిచిన తర్వాత, 2023లో, ఆ విమానాశ్రయాలను తిరిగి స్వాధీనం చేసుకునేందుకు చట్టపరమైన మార్గాలేమున్నాయో రాష్ట్ర ప్రభుత్వం అన్వేషించవలసి వచ్చింది. ఆశించిన అభివృద్ధి జరగలేదన్నది ప్రభుత్వ పక్షం వాదన. విమానాలు నడిపే సంస్థలే ముందుకు రానప్పుడు విమానాశ్రయం నడిపేవాడు మాత్రం ఏం చేయగలడన్న ఎదురు ప్రశ్న కూడా లేకపోలేదు. తప్పు ఎవరిదన్న విచారణ కంటే, ఇచ్చిన భూమిని వెనక్కి తీసుకోవడానికి ప్రభుత్వమే దారి వెతుక్కోవలసిన దుస్థితి ఎందుకు దాపురించిందన్నది ముఖ్యం. పని జరగకపోతే భూమి దానంతట అదే తిరిగి వచ్చే ఏర్పాటు పకడ్బందీగా ఉన్న పత్రమైతే ఇంత అన్వేషణ అవసరం ఉండేది కాదు.

ఈ ఐదింటిలో మూడు పట్టణాలు తెలుగు పాఠకులకు పరాయివి కావు. నాందేడ్, లాతూర్, ఉస్మానాబాద్ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో అంతర్భాగాలు. నాందేడ్ జిల్లా నేటికీ తెలంగాణ సరిహద్దున ఉంది. సిక్కుల పదవ గురువు గోవింద్ సింగ్ 1708లో పరమపదించిన స్థలం కావడంతో, 2008లో జరిగిన త్రిశతాబ్ది ఉత్సవాల నిమిత్తం అక్కడి విమానాశ్రయాన్ని ప్రభుత్వమే విస్తరించింది. ఆ మరుసటి ఏడాదే అది లీజు పద్దులో చేరిపోయింది. 2017 ఏప్రిల్ 27న 'ఉడాన్' పథకం ప్రారంభమైనప్పుడు హైదరాబాద్ నుంచి నాందేడ్‌కూ, కడపకూ నడిచిన తొలి విమానాలు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ట్రూజెట్ సంస్థవే. 2022లో ఆ సంస్థ కార్యకలాపాలు ఆగిపోయాయి. ఆ తర్వాత కొంతకాలం నాందేడ్‌లో విమానం కోసం ఎదురుచూపులే మిగిలాయి.

చిన్న పట్టణానికి విమానాశ్రయం కావాలా, వద్దా అన్న చర్చ ఎక్కడ జరిగినా రెండు పక్షాల వాదనలూ దాదాపు ఒకే విధంగా ఉంటాయి. వర్తక సంఘాలు, వైద్యులు, న్యాయవాదులు, కళాశాలల యాజమాన్యాలు ఒకవైపు. విమానం వస్తే పెట్టుబడి వస్తుందని, రోగిని మహానగరానికి గంటలో చేర్చవచ్చని, విదేశాలలో ఉన్న పిల్లలు ఇంటికి రావడం సులువవుతుందని వారి మాట. పశువులు మేపుకునేవారు, పక్క ఊళ్ల రైతులు, వాగు మూసుకుపోతే తమ చేలు మునుగుతాయని భయపడేవారు మరొకవైపు. మొదటి పక్షాన్ని అత్యాశాపరులని, రెండవ పక్షాన్ని అభివృద్ధి నిరోధకులని కొట్టిపారేయడం సులభమే గాని న్యాయం కాదు. రోగి అవసరం నిజమే. పశువుల మేత కూడా నిజమే. లాతూర్ సంగతే చూస్తే, కందిపప్పు వ్యాపారానికీ చదువులకూ పేరుపడ్డ ఆ పట్టణానికి 2016 వేసవిలో మిరజ్ నుంచి రైలు వ్యాగన్లలో తాగునీరు తరలించవలసి వచ్చింది. రన్‌వే ఉన్న ఊరికి మంచినీళ్లు రైలెక్కి వచ్చాయంటే ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న పుట్టడం సహజం.

వాదనలు ఎన్ని ఉన్నా, వాటిని వినిపించడానికి చట్టబద్ధమైన వేదిక ఉందా అన్నది అసలు సందేహం. ఈ విషయమై జరగవలసినంత చర్చ జరగడం లేదు. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టుకు రైతు భూమి తీసుకోవాలంటే ప్రభావిత కుటుంబాలలో 70 శాతం మంది సమ్మతి కావాలి. పూర్తిగా ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం. సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ తప్పనిసరి. ఇవన్నీ సేకరించే భూమికి సంబంధించినవి. ప్రభుత్వం చేతిలో అప్పటికే ఉన్న భూమిని లీజుకు ఇచ్చేటప్పుడు సమ్మతి అడగవలసిన వారెవరూ లేరు. ఫైలు ఒక శాఖ నుంచి మరొక శాఖకు నడుస్తుంది, మంత్రివర్గం ముద్ర వేస్తుంది, ఉత్తర్వు వెలువడుతుంది. ఆ భూమిలో మూడు తరాలుగా గొర్రెలు మేపుకుంటున్న వాడికి కంచె వేసిన రోజున గాని సంగతి తెలియదు. కాగితం మీద అది ప్రభుత్వ భూమి. అతని లెక్కలో అది ఊరిది.

గ్రామ ఉమ్మడి భూములను అన్యాక్రాంతం చేయడాన్ని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసు తీర్పులో తీవ్రంగా తప్పుపట్టింది. ఆక్రమణలను తొలగించి భూములను గ్రామసభలకు, పంచాయతీలకు అప్పగించేందుకు పథకాలు రూపొందించాలని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. బంజరు అనీ, పోరంబోకు అనీ రెవెన్యూ రికార్డులలో రాసినంత మాత్రాన ఆ నేల నిరుపయోగమైనది కాదన్న గుర్తింపు ఆ తీర్పులో ఉంది. తీర్పు ఉద్దేశం చిన్న విమానాశ్రయాల లీజుల దగ్గరకు వచ్చేసరికి ఎంతవరకు పాటింపబడుతున్నదన్నది అనుమానమే.

ఆర్థిక కోణం మరింత ఆలోచింపజేస్తుంది. దేశంలో 80 సీట్ల కంటే తక్కువ సామర్థ్యం గల దేశీయ విమానాలకు ప్రభుత్వ విమానాశ్రయాలలో ల్యాండింగ్ రుసుము లేదు. చిన్న పట్టణాలకు వచ్చేవి సాధారణంగా ఆ తరగతి విమానాలే. ఉడాన్ కింద నడిచే సర్వీసులకు పార్కింగ్ రుసుము మినహాయింపు కూడా ఉంది. భద్రత, అగ్నిమాపక ఏర్పాట్ల వ్యయం రాష్ట్ర ప్రభుత్వం నెత్తిన పడుతుంది. ప్రయాణికుడికి టికెట్ ధర తగ్గించడానికి ఈ రాయితీలు అవసరమే కావచ్చు. కాని విమానం దిగినా రాబడి అంతంత మాత్రమే అయినప్పుడు, చిన్న విమానాశ్రయాన్ని లీజుకు తీసుకునే ప్రైవేటు సంస్థ దృష్టి దేనిపై ఉంటుంది? సహజంగానే రన్‌వే చుట్టూ ఉన్న ఖాళీ స్థలంపై. హోటళ్లు, గిడ్డంగులు, దుకాణ సముదాయాలు కట్టుకునే వీలు కొంత ఉండాలన్నదానిలో తప్పులేదు. కొంత అంటే ఎంతో ఒప్పందంలో రాసి, ఆ రాబడిలో ఊరికి వాటా పెట్టకపోతే మాత్రం విమానాశ్రయం పేరిట జరిగేది స్థిరాస్తి వ్యాపారమే.

కంచె బయట ఉన్నవారికీ దీనితో సంబంధం ఉంది. విమానాశ్రయం వచ్చిందంటే చుట్టుపక్కల భవనాల ఎత్తుపై ఆంక్షలు వస్తాయి. తన సొంత స్థలంలో మూడవ అంతస్తు వేసుకోదలచిన గృహస్థుడు నిరభ్రంతర పత్రం కోసం తిరగవలసి రావచ్చు. విమానాలు రోజూ తిరిగే చోట ఇది భరించదగిన త్యాగమే. వారానికి ఒకటి కూడా దిగని చోట దీనిని ఏమనాలో తెలియదు.

ఉడాన్ అనుభవం ఏమిటో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023 నాటి నివేదిక తేటతెల్లం చేసింది. పథకం మూడవ విడత వరకు కేటాయించిన 774 మార్గాలలో 403 అసలు ప్రారంభమే కాలేదు. ప్రారంభమైన 371 మార్గాలలో మూడేళ్ల రాయితీ కాలాన్ని పూర్తిచేసినవి 112. రాయితీ గడువు ముగిశాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 మాత్రమే. అనగా నూటికి ఏడు. విమానాల మనుగడను మూడేళ్లకు మించి నమ్మలేని దేశంలో, వాటి కోసమని చెప్పి భూమిని 95 ఏళ్లకు రాసివ్వడంలోని తర్కం సామాన్యునికి అంతుచిక్కదు. పొరుగున శ్రీలంకలో 2013లో చైనా రుణంతో అట్టహాసంగా ప్రారంభమైన మత్తల విమానాశ్రయంలో విమానాలు లేక, ఒక దశలో ధాన్యం బస్తాలు నిల్వ చేశారు. అదైనా ఏదో ఒక ఉపయోగమే అనుకోవాలి.

అంతమాత్రాన ప్రభుత్వ భూమిని విమానాశ్రయానికి ఇవ్వనే కూడదని వాదించడం సరికాదు. కొచ్చిన్ ఉదాహరణ కళ్లముందే ఉంది. 1994లో ఏర్పడిన కంపెనీలో కేరళ ప్రభుత్వం ప్రధాన వాటాదారు. సుమారు ముప్పై దేశాలలో ఉన్న వేలాది ప్రవాస కేరళీయులు వాటాలు కొన్నారు. 1999లో విమానాలు ఎగిరాయి. భూములు పోయినవారి అభ్యంతరాలు, కోర్టు వివాదాలు అక్కడా లేకపోలేదు. అయినా ఆస్తి ఎవరిదన్న ప్రశ్న తలెత్తలేదు. లాభం వచ్చినప్పుడు డివిడెండు ప్రభుత్వ ఖజానాకూ, చిన్న వాటాదారులకూ చేరుతోంది. అదే కేరళలో పంబా నది ఒడ్డున ఆరన్ముళలో ఒక ప్రైవేటు సంస్థ తలపెట్టిన విమానాశ్రయం కథ వేరు. వరిపొలాలు, చిత్తడి నేలలు పూడ్చివేతకు గురవుతాయని స్థానికులు, కవయిత్రి సుగతకుమారి వంటి ప్రముఖులు ఏళ్ల తరబడి ఉద్యమించారు. 2013లో వచ్చిన పర్యావరణ అనుమతిని చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 మేలో రద్దు చేసింది. సుప్రీంకోర్టు ఆ ఏడాదే ఆ ఉత్తర్వును సమర్థించింది. ఒకే రాష్ట్రం, ఒకే ప్రజలు. విమానం పట్ల వారికి విముఖత ఉందని ఎవరూ అనలేరు. తమను కలుపుకొని పోయిన చోట డబ్బు పెట్టారు, కాదన్న చోట అడ్డుకున్నారు.

మన దగ్గర లీజు షరతుల ప్రభావం ఎంత దూరం పాకగలదో వరంగల్ ప్రజలకు అనుభవమే. శంషాబాద్ విమానాశ్రయానికి రాష్ట్ర ప్రభుత్వం 5,495 ఎకరాలు లీజుకు ఇచ్చింది. 2004లో కుదిరిన రాయితీ ఒప్పందంలో, 150 కిలోమీటర్ల పరిధిలో 25 ఏళ్లపాటు మరొక పౌర విమానాశ్రయం రాకూడదన్న నిబంధన చేరింది. పెద్ద పెట్టుబడి పెట్టేవారికి అటువంటి రక్షణ ఇవ్వడం ప్రపంచంలో కొత్తేమీ కాదు. కాని సంతకాలు జరిగిన గదిలో వరంగల్ తరఫున మాట్లాడినవారెవరో ఎవరికీ తెలియదు. శంషాబాద్ 2008లో ప్రారంభమైంది గనుక మామునూరు పునరుద్ధరణకు ఆ నిబంధన 2033 వరకు అడ్డుగా నిలవవలసింది. నిర్వాహక సంస్థ తన హక్కును సడలించిన మీదట 2025 ఫిబ్రవరి 28న కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది.

మామునూరు నిజాం హయాంలో 1930 ప్రాంతంలో ఏర్పడిన విమానాశ్రయం. అప్పట్లో దాని విస్తీర్ణం 1,875 ఎకరాలు. 1981 తర్వాత ప్రయాణికుల రాకపోకలు ఆగిపోయాయి. దశాబ్దాలలో ఆ భూమి పోలీసు శిక్షణకూ, ఇతర ప్రభుత్వ అవసరాలకూ కొద్దికొద్దిగా పంపకమై, విమానాశ్రయాల సంస్థ చేతిలో 696 ఎకరాలు మిగిలాయి. పెద్ద విమానాలు దిగాలంటే ఇవి చాలవన్నారు. చుట్టుపక్కల గ్రామాల నుంచి మరో 253 ఎకరాలు కావాలని తేల్చారు. సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పరిహారం ఎకరాకు ఎంతో తేల్చాలంటూ 2025లో రోడ్డెక్కినవారిలో అధికులు ఆ కొద్దిపాటి పొలం తప్ప వేరే ఆధారం లేని రైతులు.