అల్లాడివారి పూర్వాశ్రమము

ఎన్నికలు సమీపించినప్పుడెల్ల, వకీలు వృత్తినుండి రాజకీయములకు వచ్చిన అభ్యర్థుల పాత వకాల్తాలను తవ్వితీయుట మన దేశమున ఆచారమైనది. ఫలానావారు కోర్టులో ఎవరి పక్షమున నిలిచిరి, ఎవరి సొమ్ము పుచ్చుకొనిరి, ఏ రైతును భూమినుండి వెడలగొట్టించిరి అని ఒక పక్షమువారు అడుగుదురు. వకీలు రేవులోని పడవవాని వంటివాడు, కూలి యిచ్చినవారినెల్ల దాటించును, దాటినవారి పాపపుణ్యములతో అతనికి నిమిత్తము లేదు అని రెండవ పక్షమువారు బదులు చెప్పుదురు. ఈ రెండును ఆలోచనాశ్రమను తప్పించుకొను మాటలే యని మా అభిప్రాయము. పడవవాడు ఎవరిని దాటించెనో చూచుట చాలదు. పడవ దిగి గట్టుమీద నిలిచిన పిమ్మట తానెటు నడచెనో కూడ చూడవలెను.

ఇందుకు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు గారి కంటె తగిన ఉదాహరణము మాకు తోచుటలేదు. 1883లో నెల్లూరు జిల్లా పూదూరున ఒక అర్చకుని యింట జన్మించి, స్వశక్తిచేతనే మదరాసు న్యాయవాదులలో అగ్రగణ్యులై, 1929 మొదలు 1944 వరకు వారు ఆ రాజధానికి అడ్వకేటు జనరలుగా నుండిరి. ఈ తేదీలను పాఠకులు ఒక్కసారి నిదానించి చూతురుగాక. ఉప్పు సత్యాగ్రహము 1930లో జరిగినది. 1932లో దేశమందలి జైళ్లు నిండినవి. ఆ యేటనే వారికి సర్ బిరుదము వచ్చినది. 1942లో క్విట్టిండియా ఉద్యమము నడచినది. ఈ కాలమంతయు వారు దొరతనమువారి న్యాయ సలహాదారులే. ప్రకాశము పంతులు గారు లక్షలార్జించిన బారిష్టరీని విడిచిరి, రాజగోపాలాచారి గారు సేలములోని వృత్తిని విడిచిరి, అల్లాడివారు విడువలేదు. దేశాభిమానులకు ఈ సంగతి మింగుడుపడకుండుట సహజము. మాకును పడలేదు.

వృత్తిలో వారు చూచిన లోకము మాత్రమెట్టిది? ఆ దినములలో మదరాసు హైకోర్టున పెద్ద వ్యాజ్యములనగా ఎస్టేట్ల వారసత్వములు, దత్తతలు, దేవస్థానపు మాన్యములు, జమీందారుల శిస్తు తగవులు. ఆ బారున అగ్రస్థానమందుండుట యనగా ఆస్తిహక్కును ఆనుకొని బ్రతుకుట యన్నమాట. 1947 ఆగష్టు 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘమున వారికి స్థానము దొరకినప్పుడు, ఆస్తిపరులు తమకొక అండ దొరకెనని తలచియుండిన తప్పు పట్టవలసినది లేదు.

అయితే జరిగినది వేరు. 1949 సెప్టెంబరులో ఆస్తి స్వాధీనము, నష్టపరిహారములను గూర్చిన అధికరణము రాజ్యాంగ సభలో చర్చకు రాగా, ఆస్తి తనంతట తానొక పరమార్థము కాదనియు, మన పూర్వులు దానిని ధర్మము కొరకే యున్నదానినిగా నెంచిరనియు, సంఘమునకు వ్యక్తి చెల్లించవలసిన ఋణమే దానికి మూలమనియు అల్లాడివారు వాదించిరి. ఒక సోషలిస్టు ఈ మాట పలికినచో ఎవరును తలయెత్తి చూచియుండరు. జీవితమంతయు ఆస్తి వ్యాజ్యములు నడపిన పెద్ద వకీలు పలుకుటచే దానికి బరువు వచ్చినది. అంతకు ముందే, 1948 డిసెంబరులో, అమెరికావారి న్యాయసూత్రమొకటి మన రాజ్యాంగమున చేర్చవలెనా వలదా యను తగవు వచ్చినప్పుడు, ఆ సూత్రమును చేతబట్టి అచ్చటి కోర్టులు సంఘసంస్కరణ శాసనములను కొట్టివేసిన కథ వారికి బాగుగ తెలిసియుండెను. అందువలన ఆ మాటకు బదులు, శాసనము నిర్ణయించిన పద్ధతి అను మాటయే ఉండవలెనని పట్టుబట్టిరి. వకాల్తానామా చేతలేనప్పుడు వకీలు తన విద్యను ఎవరి పక్షమున ఖర్చుచేసెనో ఇచ్చట కనబడుచున్నది.

దీనికి వెల కూడ చెల్లించవలసివచ్చెను. దానిని దాచుట మాకు సమ్మతము కాదు. 1950 మే నెలలో ఎ. కె. గోపాలన్ గారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ మాటలనే ఆధారము చేసికొని, శాసనసభ చేసిన చట్టముండిన చాలును, అది న్యాయమైనదా కాదా యని విచారించు పని తమది కాదని విచారణ లేని నిర్బంధమును నిలబెట్టెను. ఆ వ్యాజ్యమున ప్రతివాది మదరాసు రాష్ట్రమే. ఆ తలుపు మరల తెరచుటకు 1978 వరకు పట్టినది. భూస్వామి తప్పించుకొనకుండ వేసిన గొళ్లెము, నోరెత్తిన పేదవానికిని పడినది. పదునైదేండ్లు ప్రభుత్వ పక్షమున నిలిచినవారికి ప్రభుత్వముపై నమ్మిక యెక్కువగా నుండుట ఆ కొలువు నేర్పిన గుణమని మేమనుకొనుచున్నాము.

ఇక కొండలకు వత్తము. వకీలు ఆస్తి, ప్రభుత్వము అను రెండు మాటలను ఎట్లు అర్థము చేసికొనెనో తేల్చు తూనిక అరకు లోయనుండి చింతపల్లి వరకు గల మన్యములోనే యున్నది. 1839 నాటి 24వ ఆక్టు గంజాము, విశాఖపట్టణము కొండప్రాంతములను సాధారణ కోర్టుల అధికారమునుండి తొలగించి, కలెక్టరునే ఏజెంటును చేసి, దివానీ ఫౌజుదారీ అధికారములు రెండును ఆయన చేత పెట్టినది. ఏజన్సీ అను పేరు అచ్చటనే పుట్టినది. 1917లో, కొండవాని భూమి ఏజెంటు అనుమతి లేక మైదానపువానికి చేరరాదని మదరాసు ప్రభుత్వము మరియొక చట్టము చేసెను. సంతలో ఉప్పు, గుడ్డ అప్పిచ్చి పసుపు తోటను, పల్లపు చెక్కను వ్రాయించుకొను షావుకారు అప్పటికే ఘాటీ ఎక్కినాడని ఆ చట్టమే సాక్ష్యము. కాని ఫిర్యాదు వినవలసినవాడును, ఫిర్యాదుకు కారకుడును ఒకే కచ్చేరివారైనప్పుడు చట్టమేమి చేయగలదు? 1922 ఆగష్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై పడుటకు పూర్వరంగమిదియే.

రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు ఆ పాత యేర్పాటునకు మనుమడు. ఆస్తి చర్చ జరిగిన ఆ 1949 సెప్టెంబరులోనే దీనిపైనను చర్చ జరిగినది. మొదటి ముసాయిదాలో గిరిజన సలహామండలికి ఇచ్చిన బలమును తరువాతి ముసాయిదాలో తగ్గించి, మండలిని సలహాకు పరిమితము చేసి, అధికారమును గవర్నరు చేతనే యుంచిరని జైపాల్ సింగు గారు సభలో మొరపెట్టిరి. ఆ మొర న్యాయమైనది. ముసాయిదా సంఘమువారందరితో పాటు అల్లాడివారును దానికి బాధ్యులే. ఏజెంటు పోయి గవర్నరు వచ్చెను. కొండవాని నోటికి మాత్రము చట్టబలము రాలేదు.

కాని ఆ షెడ్యూలులోనే, గిరిజనుల భూమి బదిలీని నిషేధించుచు గవర్నరు రెగ్యులేషన్లు చేయవచ్చునను వాక్యమొకటి గలదు. ఆస్తి ధర్మము కొరకే యని సభలో పలికిన మాటకు కొండలలో నిలిచిన రూపము ఈ వాక్యమే. దాని ఫలమే 1959 నాటి 1వ రెగ్యులేషను. దానిని గట్టిపరచిన 1970 నాటి 1వ రెగ్యులేషను. రెండవది శ్రీకాకుళ గిరిజనోద్యమపు మంటల నడుమ వచ్చినది. ఆ యేడే వెంపటాపు సత్యము పోలీసు కాల్పులలో మరణించెను. ఏజన్సీలో గిరిజనేతరుని స్వాధీనమందున్న భూమి గిరిజనునినుండి వచ్చినదే యని మొదట తలచవలెననియు, కాదని ఋజువు చేయు భారము స్వాధీనదారునిదే యనియు అది చెప్పుచున్నది. మా పాఠకులలో భూస్వాములు పలువురు గలరు. ఈ నిబంధన వారికి కటువుగా తోచునని మే మెరుగుదుము. కాని సాక్ష్యపు భారము ఎవరి నెత్తిన పడునో వ్యాజ్యము వారిదే గెలుపో ఓటమియో తేల్చునని అనుభవజ్ఞుడైన ఏ వకీలైనను చెప్పగలడు. కాగితము లేని కొండదొరకు, బగతకు, కోదుకు ఇంతకంటె మేలైన వకీలు దొరకడు. 1988లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది.

1997 జూలై 11న సమతా సంస్థ వేసిన వ్యాజ్యమున వచ్చిన తీర్పు మరి యొక మెట్టు ఎక్కినది. అనంతగిరి మండలమున బొర్రా చెంత గనుల కౌళ్లు తగవులో నుండెను. ఏజన్సీ భూమి బదిలీ చేయరాని వ్యక్తులలో ప్రభుత్వము కూడ చేరునని జస్టిస్ రామస్వామి, జస్టిస్ సగీర్ అహమ్మదు గార్లు తీర్పు చెప్పిరి. జస్టిస్ పట్నాయక్ గారు విభేదించిరి. సర్కారువారే గిరిజనేతరులకు కౌలు ఇయ్యరాదని దీని సారాంశము. ప్రభుత్వము తప్పు చేయదను నమ్మికపై కట్టిన షెడ్యూలులోనుండియే ప్రభుత్వమును బంధించు తీర్పు వచ్చుట చిత్రముగనే యున్నది. కాని 2020 ఏప్రిల్ 22న, ఏజన్సీ బడులలో ఉపాధ్యాయ ఉద్యోగములన్నియు గిరిజనులకే యిచ్చిన 2000 నాటి ఉత్తర్వును సుప్రీంకోర్టు కొట్టివేసి, గవర్నరు అధికారము ప్రాథమిక హక్కులను మించజాలదని చెప్పినది. భూమికి దొరకిన రక్ష బడికి దొరకలేదు.

కాబట్టి అల్లాడివారి లెక్క మేమిట్లు వేయుచున్నాము. అడ్వకేటు జనరలు కొలువును దేశము వారికి మన్నింపనక్కరలేదు. జమీందారీ వ్యాజ్యముల రొక్కమును వారిపై నేరముగా మోపనక్కరలేదు. ఆస్తి విషయమున వారు తన వృత్తిని మించిరి. ప్రభుత్వ విషయమున మించలేకపోయిరి. కొండవాని భూమికి వారి కాలపువారు గట్టి తాళము వేసిరి. కొండవాని శరీరమునకు, నోటికి వేయలేదు. సీతారామరాజు అనుచరుడైన గాము మల్లుదొర గారికి మరణశిక్ష పడి, అది ద్వీపాంతరవాసముగా మారి, తుదకు 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు వెళ్లిరి. పూర్వాశ్రమమును బట్టియే తీర్పు చెప్పవలసివచ్చినచో, బోనులో నిలిచిన ఆయనకును, కోర్టులో సర్కారుకు నిలిచిన అల్లాడివారికిని ఒకే కొలబద్ద పెట్టవలెను. మన కరపత్రములవారు ఏ ఒక్కరికిని పెట్టుటలేదు.

అరకునుండియు, పాడేరునుండియు వోట్లడుగవచ్చు వకీళ్లను మేమడుగునది ఇంతే. భూమి బదిలీ కేసులలో స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టున తామెవరి పక్షమున నిలిచిరో దాచక చెప్పవలెను. ఆ పిమ్మట, 1970 నాటి నిబంధనను సడలించుటకు శాసనసభలో తీర్మానము వచ్చినచో చేయి యెత్తుదురో దించుదురో, సలహామండలి మాటకు చట్టబలము కావలెనందురో కూడదందురో, అదియు చెప్పవలెను. మొదటిదానికి జవాబు కోర్టు రికార్డులో ఎటులనైనను దొరకును. రెండవది వారి నోటనే రావలెను.